మూడు పూలకి ఒక కవిత

బట్టలు ఉతికే షాపులో పదహారేళ్లుగా పని చేస్తున్నాను కాబట్టి అసహ్యం నాకు కొత్త కాదు. మరకల బల్ల నాది. మెషీన్లో పడేముందు ప్రతి బట్టనీ తిప్పి చూసి, ఎక్కడ ఏం అంటుకుందో కనిపెట్టి, దానికి తగిన మందు రాయడం నా పని. కౌంటర్ దగ్గర ఎంత నాజూగ్గా నిలబడినవాళ్లవైనా సరే, కాలర్లూ చంకలూ నా ముందు నిజం చెప్పేస్తాయి. జేబుల్లో చీమిడి రుమాళ్లు దొరుకుతాయి. ఒకసారి ఎవరిదో కట్టుడు పన్ను దొరికింది. అయినా ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఇవేవీ నాకు అడ్డం రావు. ముద్ద దిగకపోవడమంటే ఏమిటో ఆ మంగళవారం పొద్దున లెక్కల టీచరు వచ్చి వెళ్లాకే తెలిసింది.

ఆవిడ మాకు పాత ఖాతాదారు. కోటు మీద సిరా మరక చూపించడానికి వచ్చి, కోటు బల్ల మీద పడేసి, ఫోన్ చూసుకుంటూ కళ్లు తుడుచుకుంటోంది. ఏమైందని అడిగాను.

"ఏం లేదమ్మా. మా కవితల గ్రూపులో ఒకమ్మాయి వాళ్లమ్మ గురించి రాసింది. పొద్దున్నుంచి నాలుగుసార్లు చదివాను, ఏడుపు ఆగడం లేదు. నువ్వూ విను."

వద్దనేలోపలే మొదలుపెట్టింది.

"ఏడు నెలలు నీ పక్కన నిద్రపోని దీపాన్నయ్యానమ్మా
నీ వీపు మీద పుండ్లు నాకు పూలు, నీ మంచమే నాకు గుడి
నీ దేహం నుంచి వీచింది వాసన కాదు, మల్లెల పరిమళం
నిన్ను కడిగిన ఈ చేతుల్ని ఇంక ఏ నీళ్లతోనూ కడగను"

చేతులు కడుక్కోకుండా ఈ మనిషి అన్నం ఎలా తింటుందా అని నాకు మొదట అనుమానం వచ్చింది. నవ్వు ఆపుకుని సిరా మరక కింద గుడ్డ పరుస్తున్నాను. టీచరు ఫోన్ నా వైపు తిప్పింది. "చిరుగాలి అని రాస్తుంది. బీమా ఆఫీసులో పని. ఎంత చక్కగా ఉందో చూడు. తల్లికి ఇంత చేసిన పిల్ల మొహంలోనే తెలుస్తుంది."

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నది మా చెల్లెలు. కవిత కింద అంటించిన ఫొటో మా అమ్మది. మా ఇంట్లో, మా ముందు గదిలో, నేను మేకు కొట్టి తగిలించిన ఫొటో.

మా అమ్మ పోయి అప్పటికి పదకొండు నెలలు. నడుం విరిగి ఏడు నెలలు మా వెనక గదిలో మంచంలో ఉంది. ఆ ఏడు నెలల్లో మా చెల్లెలు వచ్చింది రెండుసార్లు. మొదటిసారి రుమాలు మూతికి కట్టుకుని పావుగంట కూర్చుంది. రెండోసారి గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మ నిద్రపోతున్నట్టుంది, లేపడం ఎందుకు" అని వెళ్లిపోయింది. అమ్మ నిద్రపోవడం లేదు. కళ్లు తెరుచుకునే ఉంది, గుమ్మం వైపే చూస్తోంది. సొమ్మొకరిది సోకొకరిది అంటారు. ఇక్కడ కంపు నాది, పరిమళం దానిది. పుండ్లు పూలట. చీము పట్టిన పుండుని పువ్వు అనడానికి ఆ పుండుకి ఎంత దూరంలో నిలబడాలో నాకు బాగా తెలుసు.

మధ్యాహ్నం దానికి ఫోన్ చేశాను.

"కవిత చదివాను," అన్నాను.

అది గొంతు సవరించుకుంది. "ఎవరు చూపించారక్కా?"

"ఎవరైతే ఏం. అమ్మని కడిగింది నువ్వా?"

"అది కవిత్వమక్కా. కవిత్వంలో 'నేను' అంటే నేను కాదు. కూతురు. లోకంలో ఉన్న ఏ కూతురైనా."

"మరి పేరు పక్కన నీ ఫొటో ఎందుకు పెట్టావు? లోకంలో ఉన్న ఏ కూతురి ఫొటో అయినా పెట్టాల్సింది."

"నీకు ఇవన్నీ అర్థం కావులే అక్కా. ఆదివారం వీడియోలో పెద్ద సభ ఉంది. అమ్మ మీద పోటీ. నాదే మొదటిదని అందరూ అంటున్నారు. ఇప్పుడు గొడవ చెయ్యకు."

తీసెయ్యమన్నాను. తియ్యనంది. ఫోన్ పెట్టేశాక నా చేతిలో ఉన్న చొక్కా కాలరుని బ్రష్‌తో ఎంతసేపు రుద్దానో నాకే తెలీదు. గుడ్డ పోగులు లేచిపోయాయి.

నాకు కావలసింది ఒక్కటే. ఆదివారంలోగా, ఆ గ్రూపులో ఉన్న నూట ఎనభై మందీ చూస్తుండగా, మా అమ్మని కడిగింది ఎవరో తేలాలి. బిరుదులూ బహుమతులూ వాళ్లనే ఉంచుకోమనండి. ఆ పని నాది. దాన్ని ఇంకొకరు పౌడరు అద్ది తన పేరున చెప్పుకుంటుంటే ఊరుకునే మంచితనం నాకు లేదు.

సాయంత్రం కోటు కోసం వచ్చిన టీచరుని ఆ గ్రూపులో నన్నూ చేర్చమని అడిగాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "నువ్వూ రాస్తావా? కలంపేరు ఏం పెట్టను?"

"మరక," అన్నాను.

గ్రూపు పేరు పూలబుట్ట. పెట్టింది ఒక పళ్ల డాక్టరు. ఆయన్ని అందరూ గురువుగారంటారు. లోపల అడుగు పెట్టగానే తియ్యగా కుళ్లిన వాసన తగిలినట్టయింది, ముగ్గిపోయిన పళ్లు మూసిపెట్టిన గదిలోకి వెళ్లినట్టు. చందమామ మీద ఒకరు, వానచుక్క మీద ఒకరు, వానచుక్కలో కనిపించిన చందమామ మీద ఇంకొకరు. ఒక్కొక్క దాని కింద డెబ్బై ఎనభై మెచ్చుకోళ్లు. అద్భుతం, అమోఘం, అనన్యసామాన్యం. వీళ్లు వాళ్లని మునగచెట్టు ఎక్కిస్తే వాళ్లు వీళ్లని ఎక్కిస్తున్నారు. కింద నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. ఒంటె పెళ్లికి గాడిద కచేరీ అని మా నాన్న అంటుండేవాడు. ఇక్కడ ప్రతివాడూ పొద్దున ఒంటె, సాయంత్రం గాడిద.

మా చెల్లెలి కవిత కింద నూట పన్నెండు ఉన్నాయి. "మీలాంటి కూతురిని కన్న తల్లి ధన్యురాలు" అని ఒకాయన. "మీ చేతులకి నా కన్నీళ్లతో అభిషేకం" అని ఇంకొకాయన. మా అమ్మ ఒంటిని తుడిచిన నీళ్లు పోసిన బకెట్ నాకు కళ్లముందు కనిపించింది. ఆయన్ని పిలిచి ఆ బకెట్ చూపించాలనిపించింది.

నేను దాని కింద ఒక్క ముక్క రాశాను. "ఇది అబద్ధం. ఈమె ఏదీ చెయ్యలేదు."

నిమిషంలో అది మాయమైపోయింది. గురువుగారి దగ్గర్నుంచి నాకు విడిగా కబురు వచ్చింది, దణ్ణం బొమ్మలతో సహా. "అమ్మా మరకగారూ, కొత్తగా చేరారు కాబట్టి చెబుతున్నాను. మన బుట్టలో పూలే కానీ ముళ్లకి చోటు లేదు. ఏం చెప్పదలచుకున్నా కవితగా చెప్పండి. మూడు పూలకి ఒక కవిత అనేది మన పద్ధతి."

పద్ధతి ఏమిటో టీచరు వివరించింది. పూలంటే మెచ్చుకోళ్లు. ముగ్గురి కవితలకి తలొక పువ్వూ పెట్టినవాళ్లే తమ కవిత ఒకటి పెట్టాలి. పువ్వు రెండు వాక్యాలకి తగ్గకూడదు. "బాగుంది" అని ఊరుకుంటే లెక్కలోకి రాదు. పోటీ రోజుల్లో ఆ మూడూ పోటీ కవితలకే పెట్టాలి. అందుకే ఆ గ్రూపు మూడు పువ్వులూ ఆరు కాయలుగా వర్ధిల్లుతోందని అప్పుడు అర్థమైంది. ఎవరూ ఎవరి కవితా చదవడం లేదు. తమది పెట్టుకోవడానికి చీటీ కొంటున్నారు. ఒకాయన ఏడు కవితల కింద ఒకే పువ్వు అంటించాడు. అందులో ఒకటి చచ్చిపోయిన కుక్క మీద రాసినది. దాని కింద కూడా "మీ ఇంట ఈ ఆనందం కలకాలం నిలవాలి" అని ఉంది. కుక్క యజమాని ఆయనకి ధన్యవాదాలు చెప్పాడు.

బుధవారం షాపులో రద్దీ తగ్గాక మరకల బల్ల మీదే ఫోన్ పెట్టుకుని ఆ మూడు పూలూ రాయడానికి కూర్చున్నాను. మొదటిది గురువుగారి కవితకే. అమ్మ నవ్వుని ఆయన ముత్యాల వరసతో పోల్చాడు, చిగుళ్లని కూడా వదల్లేదు. "మీ వృత్తి మీ కవిత్వంలో మెరుస్తోంది. ప్రతి పాదమూ తోమినట్టుంది" అని రాశాను. ఆయన పొంగిపోయి మూడు దణ్ణాలు పెట్టాడు. రెండోది టీచరు కవితకి. దాంట్లో అమ్మ ఒక గుణకారం. ఎలాగో మెచ్చుకున్నాను. మూడోది మా చెల్లెలిదానికి పెట్టాను.

"ఈ కవిత చదివాక, మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు మీలాంటి చెల్లెలు నాకు ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఎక్కడ దొరుకుతారండీ మీలాంటివాళ్లు?"

క్షణంలో జవాబు వచ్చింది. "మీ మంచి మనసుకి నమస్సులు మరకగారూ. ఈ పువ్వుని గుండెలో దాచుకుంటాను." ఆ గ్రూపులో కలంపేర్లే కానీ నంబర్లు కనిపించవు, దానికి నేనెవరో తెలీదు. అది చూసి నాకు జాలి కలగలేదు. పళ్లు నూరుకుంటూ నా కవిత మొదలుపెట్టాను. కవిత అని వాళ్లంటారు కాబట్టి నేనూ అంటున్నాను. షాపులో మరకల జాబితా రాసినట్టు ఒక్కో సంగతీ ఒక్కో వరసలో రాశాను.

"మా అమ్మ ఏడు నెలలు మంచంలో ఉంది. కడిగింది నేను.
చిరుగాలి అని రాసుకునేది మా చెల్లెలు. రెండుసార్లు వచ్చింది.
మొదటిసారి మూతికి రుమాలు. రెండోసారి గుమ్మం దాటలేదు.
పుండ్లు పూలు కావు. నడుం కింద అరచెయ్యంత గొయ్యి. దాంట్లో వేలు పెట్టి మందు పూసింది నేను.
వాసన మల్లెలది కాదు. కుళ్లిన మాంసానిది, ఉచ్చది.
రోజుకి మూడు దుప్పట్లు. నెత్తురు మరకకి చన్నీళ్లే పొయ్యాలి, వేడివి పోస్తే గట్టిపడుతుంది. ఆ సంగతి చిరుగాలికి తెలీదు.
ఆఖరి రోజు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నది కూడా నేనే."

పెట్టేసి ఫోన్ బోర్లించాను. ఇప్పుడు బుట్ట బద్దలవుతుంది, ఆ నూట పన్నెండు మందీ నోళ్లు వెళ్లబెడతారు, దాన్ని నిలదీస్తారు అనుకున్నాను. రెండు చొక్కాలు పూర్తి చేసి మళ్లీ తిప్పి చూశాను.

ముప్పై నాలుగు పూలు.

"అక్క పాత్రలోకి పరకాయప్రవేశం చేసి చిరుగాలిగారి కవితకి జవాబుగా రాసిన ఈ ప్రయోగం మన బుట్టలో మొదటిసారి." "పూలు కావు అనడంలో ఎంత నవ్యత." "నెత్తురు, చన్నీళ్లు, ఈ ప్రతీకల వెనక ఉన్న తాత్వికతకి జోహార్లు." "చిరుగాలిగారూ మరకగారూ ముందే అనుకుని రాశారా? ఇద్దరూ ఇద్దరే." లెక్కల టీచరు, మా షాపుకి వారం వారం వచ్చే మనిషి, "నువ్వు ఇంత దాచుకున్నావని తెలీదమ్మా, మీ అమ్మగారు నిక్షేపంగా ఉండాలి" అని దీవించింది. కవితలో అమ్మ పోయింది కదా అని కూడా ఆవిడకి తట్టలేదు.

"ఇది కవిత కాదు. జరిగింది. చిరుగాలి నా సొంత చెల్లెలు," అని రాశాను.

గురువుగారు వెంటనే అందుకున్నారు. "జరిగినదే కవిత్వమమ్మా. కవులందరూ ఒకరికొకరు సొంత అక్కచెల్లెళ్లే." దానికి తొంభై మంది దణ్ణాలు పెట్టారు. సాయంత్రానికి నా కలంపేరు ముందు ఒక బిరుదు వచ్చి చేరింది, నిప్పుకలం అని. బంగారు అంచు వేసిన ప్రశంసాపత్రంలో నా పేరు చుట్టూ గులాబీలు.

ఉమ్మెయ్యాలనిపించింది. అలా అనిపించిన మాట నిజం. అయితే ఇంకో మాట కూడా నిజం, చెప్పడానికి నాకే రోతగా ఉంది. ఇంటికెళ్లి బూట్లు విప్పకుండానే ఫోన్ తెరిచాను. అరవై ఒకటి. మొహం కడుక్కుని మళ్లీ చూశాను. డెబ్బై. పదహారేళ్లలో నేను తీసిన మరక చూసి ఎవరూ నాకు ఒక్క మాట చెప్పలేదు. మరక పోతే అది ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. ఏడు నెలలు వెనక గదిలో నేను చేసినదాన్ని కూడా ఎవరూ చూడలేదు. ఇప్పుడు డెబ్బై మంది చూశారు. వాళ్లు వెధవలని తెలుసు, చదవకుండా రాశారని తెలుసు, అయినా ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఎక్కువమంది ఎత్తి చూపించింది ఆఖరి పాదాన్ని. చెయ్యి పట్టుకున్న పాదాన్ని.

మా ఆయన షాపు వ్యాను నడుపుతాడు. తాళాలు మేకుకి తగిలిస్తూ నన్ను చూశాడు. "ఏమిటి, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?"

"నవ్వడం లేదు."

ఫోన్ తీసుకుని చదివాడు, నిదానంగా. ఆఖరికొచ్చేసరికి నా వైపు ఒకసారి చూసి ఫోన్ ఇచ్చేశాడు. "మునగచెట్టు ఎక్కావు. దిగేటప్పుడు చెప్పు, నిచ్చెన తెస్తాను," అన్నాడు.

గురువారం మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. పోట్లాటకి సిద్ధంగా ఉన్నాను. అది పోట్లాడలేదు.

"అందరూ నీది కవితే అనుకుంటున్నారక్కా."

"తెలుసు."

"నిజమేనని నేను చెప్పినా నమ్మడం లేదు. ఇద్దరం కలిసి ఆడుతున్న నాటకం అనుకుంటున్నారు. రుమాలు సంగతి నిజమే. గుమ్మం సంగతీ నిజమే. ఆ గది దగ్గరికొస్తే నాకు వాంతి వచ్చేది. అమ్మని చూస్తే అసహ్యం వేసేది. సొంత అమ్మని చూసి. నీలాగా చెయ్యడం నావల్ల కాదు. రాస్తున్నంతసేపూ చేసినట్టే ఉండేది, అందుకే రాశాను."

చేతిలో ఉన్న బ్రష్ బల్ల మీద పెట్టాను.

"ఒకటి అడగనా? ఆఖరి రోజు చెయ్యి పట్టుకుని కూర్చున్నావని నాకు ఎప్పుడూ చెప్పలేదు నువ్వు. ఒక్కతే పోయిందేమోనని ఈ ఏడాదంతా నాకు అదే భయం. నేను రాకపోవడం వల్ల ఒక్కతే పోయిందేమోనని. నిజంగా పట్టుకున్నావా?"

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. పొద్దున అమ్మని కడిగి, కొత్త దుప్పటి వేసి, ఊపిరి పీల్చుకునేలోపల మళ్లీ పాడు చేసుకుంది. ఆ వారంలో అది ఎన్నోసారో. నాకు ఒళ్లంతా రోత పుట్టింది. "ఇంకెన్నాళ్లే ఈ కంపు" అన్నాను, మొహం మీదే అన్నాను. అమ్మ చెయ్యి చాపింది. నన్ను పట్టుకోవడానికో, క్షమించమనడానికో, ఊరికేనో. ఆ చెయ్యికి కూడా అంటుకుని ఉంది. నేను వెనక్కి జరిగాను. తలుపు వేసి ముందు గదిలోకి వచ్చి ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాను. కాసేపు అలాగే పడి ఉండనీ అనుకున్నాను. గంట తర్వాత తలుపు తీసేసరికి పోయింది. ఆ దుప్పటిలోనే. ఎవరికైనా కబురు చెప్పేముందు కడిగాను, చెయ్యి కూడా కడిగాను, అప్పుడే పట్టుకున్నాను. మా చెల్లెలు గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేను లోపలిదాకా వెళ్లి తలుపు వేశాను. తేడా అంతే.

"పట్టుకున్నాను," అన్నాను ఫోన్లో.

"ఏమైనా అందా?"

"ఏం లేదు. ఊరికే చూసింది."

అది ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. "చాలక్కా. ఇంక నాకు నిద్ర పడుతుంది. నా కవిత తీసేస్తాను. చేసింది నువ్వు, నీదే ఉండాలి," అంది. అన్నట్టే పది నిమిషాల్లో తీసేసింది. నాకు కావలసింది దొరికింది. ఆ మధ్యాహ్నం ఒక పెళ్లికొడుకు కోటు మీద వాంతి మరక తీశాను. దాని వాసన నాకు ఏమాత్రం తెలియలేదు. నా వాసనే నాకు కొడుతోంది.

ఆదివారం పదకొండింటికి సభ. ఫోన్లో చిన్న చిన్న గళ్లు, గడికో మొహం. మొదటి బహుమతి నాది. గురువుగారు తన పళ్ల కుర్చీలో కూర్చుని నా గురించి పది నిమిషాలు మాట్లాడారు. నిజాయితీ అనే మాట ఆయన నోట ఆరుసార్లు వచ్చింది. ఆ తర్వాత నన్ను చదవమన్నారు. మా చెల్లెలు రెండో వరసలో మూడో గడిలో ఉంది. జుట్టు దువ్వుకోలేదు. గడ్డం కింద చెయ్యి లేదు. నావైపే చూస్తోంది.

మొదటి వరసలు గట్టిగా చదివాను. అవన్నీ జరిగినవే కాబట్టి గొంతు ఎక్కడా తడబడలేదు. ఆఖరి దానికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్కటీ వదిలేసి "అయిపోయిందండీ" అనొచ్చు. ఎవరూ పట్టించుకోరు, మా చెల్లెలు తప్ప. అది పెదవులు కదుపుతోంది. ఆ పాదం దానికి కంఠతా వచ్చేసింది.

చదివాను. గళ్లన్నీ ఒకేసారి చప్పట్లు కొట్టాయి. టీచరు కళ్లు తుడుచుకుంది. ఎవరో వన్స్ మోర్ అన్నారు.

"అవునమ్మా, ఆ ఆఖరి పాదం ఇంకొక్కసారి," అన్నారు గురువుగారు.

ఇంకొక్కసారి చదివాను.